పగకు పేరు కావాలి: ‘నరకబాలిక’ను ఉద్దానం నుంచి చూస్తే

జపానువారి బొమ్మల ధారావాహికలనగానే అది పసిపిల్లల వ్యవహారమని పెదవి విరిచేవారు మనలో ఇంకా ఉన్నారు. అటువంటివారికి చూపవలసినది ‘జిగోకు షోజో’. తెనిగిస్తే ‘నరకబాలిక’ అవుతుంది. స్టూడియో డీన్ నిర్మించిన ఈ ధారావాహిక మొదటి విడత తకహిరో ఒమొరి దర్శకత్వంలో 2005 అక్టోబరులో మొదలై 26 భాగాలుగా సాగింది. ఆ తరువాత 2006, 2008, 2017 సంవత్సరాలలో మరి మూడు విడతలు వచ్చాయి. చీకటి, పగ, ప్రేతలోకం కలగలిసిన కథ ఇది. అయితే దీనిని భయపెట్టే కథగా కాక చరిత్రగా చదవవచ్చునని, అందునా శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన ఉన్న పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల చరిత్ర పక్కన పెట్టి చదవవచ్చునని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథ కట్టుబాటు చిన్నది. అన్యాయానికి గురై, ఏ దిక్కూ లేనివారు అర్ధరాత్రి సరిగ్గా పన్నెండు గంటలకు ఒక జాలపుటను తెరిచి తమ శత్రువు పేరు వ్రాయాలి. అప్పుడు ఎన్మా ఐ అనే ఎర్రకళ్ళ బాలిక ప్రత్యక్షమై, మెడకు ఎర్రదారం చుట్టిన గడ్డిబొమ్మను చేతిలో పెడుతుంది. దారం లాగితే శత్రువు ఆ క్షణమే నరకానికి పోతాడు. కాని లాగినవారు కూడా, తమ ఆయుష్షు తీరిన తరువాత, అదే నరకానికి పోవాలి. వారి రొమ్ముమీద అందుకు గుర్తుగా ఒక ముద్ర పడుతుంది. లాగడమా మానడమా అన్నది వారి ఇష్టం. ఆమె ఎవరినీ తొందరపెట్టదు, వారించదు.

మొదటి విడతలోని చాలా భాగాలు ఒకే మూసలో నడుస్తాయన్నది నిజం. ఒక దుర్మార్గుడు, ఒక బాధితుడు, ఒక బొమ్మ, చివరికి నదిపై పడవ. వరుసగా పది చూస్తే విసుగు పుడుతుంది. అయినా ఆ మూస ఊరక పెట్టినది కాదు. పగ అనేది ప్రతివారికీ తన ఒక్కరికే కలిగిన కొత్త కష్టంగా తోస్తుంది. దూరం నుంచి చూసేవారికి మాత్రం అన్ని పగలూ ఒక్కలాగే ఉంటాయి. ఈ సంగతి చూపరికి అనుభవంలోకి రావాలంటే ఆ పునరుక్తి కొంత అవసరమే.

అసలు కథ చివరి ఘట్టాలలో బయటపడుతుంది. సుమారు నాలుగు వందల ఏళ్ళ క్రితం ఒక కొండపల్లెలో పంటలు పండాలని ఏడేళ్ళ ఆడపిల్లను కొండదేవరకు అర్పించే ఆచారం ఉండేది. ఆ వంతు ఐకి వచ్చింది. ఆమెను సెంతరో అనే బంధువు కొన్నేళ్ళు దాచి కాపాడాడు. ఆ గుట్టు రట్టయిన నాడు ఊరివారు ఆమెను తల్లిదండ్రులతో సహా సజీవంగా పాతిపెట్టారు. ఆ గోతిలో మట్టి పోయమని సెంతరోనే నిర్బంధించారు. గోతిలోనుంచి లేచిన ఐ ఆగ్రహం ఊరినంతటినీ దగ్ధం చేసింది. ఆ పాపానికి శిక్షగానే ఆమె పరుల పగలు మోసే కూలి అయింది. బ్రతికి బయటపడిన సెంతరో తరువాత ఆమె ఆత్మశాంతికి ఒక గుడి కట్టించాడు.

చంపడం, భయపడడం, గుడి కట్టడం. ఈ మూడు మెట్లూ కథకుల కల్పన కావు. జపాను చరిత్రలో వీటికి తేదీలతో సహా ఆధారాలున్నాయి. అన్యాయంగా మరణించిన పెద్దల ఆత్మలే తెగుళ్ళకు కారణమని నమ్మి 863లో క్యోతో రాజోద్యానంలో వారికి శాంతి జరిపించారు. సుగవర నొ మిచిజనె అనే పండితమంత్రి కుట్రకు బలియై, ప్రవాసంలో 903లో మరణించాడు. 930లో రాజప్రాసాదం మీద పిడుగు పడితే అది ఆయన పగేనన్నారు. 947లో కితనొలో ఆయనకు ఆలయం వెలిసింది. నేడు ఆయన విద్యాదేవత. పరీక్షలకు పోయే పిల్లలు ఆయనకే మొక్కుకుంటారు. పగబట్టిన ప్రేతం నుంచి పిల్లల దేవుడి దాకా నడిచిన ఆ దారిని పరిచింది భయమూ, ఆ భయం వెనుక దాగిన అపరాధభావమూను.

ఉత్తరాంధ్రవారికి ఇది కొత్త దారి కాదు. అకాలమరణం పాలైన ఆడపడుచును పేరంటాలుగా నిలిపి, ఏటేటా పసుపుకుంకుమలిచ్చి కొలిచే అలవాటు మన పల్లెలకు పాతదే. నెల్లూరు ప్రాంతంలో మతప్రచారకుడుగా ఉన్న విల్బర్ ఎల్మోర్ 1915లో ప్రకటించిన గ్రామదేవతల పుస్తకంలో, మన గ్రామశక్తులలో అనేకుల కథలు ఇటువంటి దారుణ మరణాలతోనే మొదలవుతాయని గుర్తించాడు. విజయనగరం పైడితల్లి కథ అందరికీ తెలిసినదే. 1757 జనవరి 24న బొబ్బిలికోట పడింది. ఆ తరువాత కొద్ది రాత్రులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలో పొడిచి పగ తీర్చుకున్నాడు. అన్న మరణంతో ప్రాణం విడిచిన చెల్లెలే పెద్దచెరువులో విగ్రహమై దొరికిందని జనశ్రుతి. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. పగ తీర్చుకున్న పాపారాయుడు వీరగాథ అయ్యాడు గాని దేవుడు కాలేదు. ఆ పగలో ఏ పాత్రా లేక, దాని ఫలితం మాత్రం అనుభవించిన ఆడపడుచు దేవత అయింది. సిరిమాను ఆమె కోసమే ఊరేగుతుంది.

ఇక ఉద్దానానికి వద్దాం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో సముద్రం అంచున కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు కమ్ముకున్న నేల ఇది. ఉద్యానం అన్న మాటే ఉద్దానమైందంటారు. ఈ నేలమీద 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. నెల తిరగకుండానే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. జమీందారు అడవిలో కలప కొట్టారని రైతులను పట్టుకుపోతుంటే అడ్డునిలిచిన సాసుమాను గున్నమ్మ ఆ కాల్పులలో మరణించింది. అప్పుడామె నిండు గర్భిణి.

పాత లెక్కలో గున్నమ్మ పేరంటాలు కావలసినది. జపాను లెక్కలో ఆమె ఐ కావలసినది. ఆమె ‘వీర గున్నమ్మ’ అయింది. ఊరు ఆమెకు గుడికి బదులు స్థూపం కట్టింది. ఈ రెండింటికీ భేదం పెద్దది. గుడి చచ్చినవారి కోపాన్ని చల్లార్చడానికి కడతారు. స్థూపం బ్రతికినవారు మరచిపోకుండా ఉండడానికి కడతారు. ఆమె మరణానికి బదులు కూడా ఎవరి ప్రాణమూ తీయడం ద్వారా రాలేదు. అటువంటి పోరాటాలెన్నో జరిగిన మీదట 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. గున్నమ్మ అడ్డునిలిచిన జమీందారీ అనే వ్యవస్థే పోయింది. ‘నరకబాలిక’లో ఎన్ని భాగాలు చూసినా ఇటువంటి ముగింపు ఒక్కటీ కనబడదు. అక్కడ మనుషులు పోతారే గాని, వారిని అలా చేసిన ఏర్పాట్లు చెక్కుచెదరవు.

కాని చట్టం విఫలమైన చోట ఏమవుతుందో కూడా ఈ జిల్లాయే చూపించింది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. కేసులో ముద్దాయిలు నిర్దోషులుగా విడుదలయ్యారు. 1968 నవంబరు నాటికి ఉద్యమం ఆయుధం పట్టింది. 1969లో ‘వర్గశత్రు నిర్మూలన’ పేరిట మనుషుల పేర్లు ఎంచుకొని చంపడం దాకా వెళ్ళింది. ఎదుటి పక్షం పద్ధతీ అదే అయింది. పలాస పక్కనున్న బొడ్డపాడు నుంచి వెళ్ళిన పంచాది కృష్ణమూర్తి 1969 మే 27న, ఆ ఊరి శివాలయంలో పూజారిగా ఉండి జముకుల కథతో జనాన్ని కదిలించిన కవి సుబ్బారావు పాణిగ్రాహి అదే ఏడాది డిసెంబరులో పోలీసుల చేతిలో హతులయ్యారు. ఆ ఉద్యమపు న్యాయాన్యాయాల తీర్పు ఇక్కడ నా పని కాదు. కోర్టు తలుపు మూసుకున్నాక దారం మీదికి చెయ్యి వెళ్ళడం ఎంత సహజమో చెప్పడమే నా పని. ‘ఒకరిని శపిస్తే రెండు గోతులు’ అని జపాను సామెత. మన సామెతలో గోయి తీసినవాడొక్కడే అందులో పడతాడు. వారి సామెతలో ఇద్దరూ పడతారు. 1969 నాటి శ్రీకాకుళానికి వారి సామెతే ఎక్కువ నప్పుతుంది.

ఇంతవరకు చెప్పిన ప్రతి మరణంలోనూ చంపినవారెవరో తెలుసు. ఆ అర్ధరాత్రి పుటలో వ్రాయడానికి ఒక పేరంటూ ఉంది. ఇప్పటి ఉద్దానం బాధ వేరు. రెండు మూడు దశాబ్దాలుగా అక్కడి తోటలలో, పొలాలలో పనిచేసేవారి మూత్రపిండాలు చడీచప్పుడు లేకుండా చెడిపోతున్నాయి. మధుమేహం లేనివారికీ, రక్తపోటు ఎరుగనివారికీ ఈ జబ్బు వస్తున్నది. కాళ్ళ వాపో, ఆయాసమో కనబడేసరికి చాలామందికి డయాలసిస్ తప్ప దారి ఉండదు. మధ్య అమెరికాలోని చెరకుతోటల కూలీలలో, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రపు వరిరైతులలో ఇటువంటి జబ్బే ఉంది. ఎండలో ఒంటినీరు ఇంకిపోవడమా, భూగర్భజలమా, నీటిలోని సిలికాయా, పురుగుమందులా, నొప్పిబిళ్ళలా, వంశలక్షణమా అని పరిశోధకులు తరచి చూస్తూనే ఉన్నారు. ఇదీ కారణమని తిరుగులేని రుజువు ఇంతవరకు రాలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు కూడా జనం నష్టం ఎంతో లెక్కవేసుకోగలిగారు. ఈ జబ్బుకు అంత మాత్రపు స్పష్టత కూడా లేదు.

కారణం తెలియని చావు ఊరికి అన్నిటికన్నా ప్రమాదకరమైనది. తెలియనితనాన్ని మనిషి ఎక్కువకాలం భరించలేడు, ఏదో ఒక పేరు వెతుక్కుంటాడు. ఉత్తరాంధ్ర పల్లెలలో, ముఖ్యంగా మన్యంలో, అటువంటప్పుడు దొరికే మాట ‘చిల్లంగి’. జ్వరాలతో వరుసగా ఇద్దరు పోతే మూడవనాటికి ఏ ముసలివాని మీదనో, ఏ ఒంటరి ఆడమనిషి మీదనో అనుమానం. అలా కొట్టబడినవారూ, చంపబడినవారూ ఎందరో. కొండదేవరకు ఐని పాతిపెట్టిన ఊరికీ ఈ ఊరికీ పెద్ద తేడా లేదు.

ధారావాహిక తన బలహీనతను తానే దిద్దుకున్నదని నేననుకునేది ఇక్కడే. రెండవ విడత చివరి ఘట్టంలో ఒక పట్టణంలో మనుషులు వరుసగా మాయమవుతుంటారు. ఊరంతా తకుమా అనే బాలుడిని ‘దయ్యపు పిల్లవాడు’ అని నిందిస్తుంది. నిజానికి ఇరుగుపొరుగువారే ఒకరినొకరు నరకానికి పంపుకుంటూ ఆ నింద అతని మీదికి నెడుతుంటారు. చివరకు ఆ బాలుడి పేరు వచ్చినప్పుడు ఐ తన ధర్మాన్ని ధిక్కరించి అతనిని తీసుకుపోవడానికి నిరాకరిస్తుంది. మామూలు మనిషియై, ఆ ఊరివారి దెబ్బలకు నేలకొరుగుతుంది. నాలుగు వందల ఏళ్ళ క్రితం తనను పాతిపెట్టిన గుంపును ఆమె మళ్ళీ చూసింది. ఈసారి బదులుగా అగ్ని కురిపించలేదు. మొత్తం ధారావాహికలో ఒక్క ఘట్టమే చూసే తీరిక ఉన్నవారు ఇది చూడండి.

ఉద్దానంలో 2023 డిసెంబరు 14న రెండు పనులు మొదలయ్యాయి. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి గొట్టాలలో ఆ పల్లెలకు తెచ్చే పథకం ఒకటి, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి మరొకటి. నీరే కారణమని తేలకపోయినా మంచినీరు ఇవ్వడం మానరాదు. మందు దొరకకపోయినా వెతకడం మానరాదు. అక్కడ పోయినవారికి గుడీ లేదు, స్థూపమూ లేదు. వారి మరణానికి కారణం రుజువులతో తేలిననాడు, ఆ కాగితమే వారి స్థూపం. అంతదాకా ఆ అర్ధరాత్రి పుటలో ఎవరి పేరూ వ్రాయకుండా ఓపిక పట్టడం చనిపోయినవారి ఇళ్ళలో వారికి ఎంత కష్టమో, దారం లాగిన వారి కథలు చూసినవారు కొంతైనా ఊహించగలరు.

మీ మీ ఊళ్ళ పేరంటాళ్ళు ఎవరో, వారు బ్రతికుండగా ఏం జరిగిందో ఇంట్లో పెద్దలనడిగి వ్రాసిపెట్టండి. గుడి గోడమీద పసుపు మిగులుతుంది గాని, లోపలి అమ్మ కథ చెప్పేవారు మిగలరు.