ఎడిసన్ విద్యుద్దీప వ్యవస్థ

ఎడిసన్ విద్యుద్దీప వ్యవస్థ అనగా అమెరికా దేశపు ఆవిష్కర్త థామస్ ఆల్వా ఎడిసన్ (1847-1931) 1878-1882 సంవత్సరాల మధ్య రూపొందించిన గృహ విద్యుత్ సరఫరా ఏర్పాటు. విద్యుత్ బల్బును ఎడిసన్ కనిపెట్టాడని సాధారణంగా చెప్తారు. కాని అంతకు ముందే పలువురు తీగను లేదా కర్బనాన్ని వేడిచేసి దీపాలు వెలిగించి చూపారు. ఎడిసన్ ప్రత్యేకత బల్బు ఒక్కదానిలోనే కాక, డైనమో, నేలక్రింది తీగలు, ఫ్యూజు, స్విచ్చి, మీటరు మొదలైన వాటినన్నిటినీ ఒకే లెక్క ప్రకారం సమకూర్చడంలో ఉంది.

పూర్వరంగం

19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఐరోపా, అమెరికా నగరాలకు బొగ్గు నుండి తీసిన గ్యాసే వెలుగునిచ్చేది. విద్యుత్తుతో పనిచేసే ఆర్కు దీపాలు కూడా అప్పటికే ఉన్నాయి. 1878లో ప్యారిస్ నగరంలో ఒక ప్రధాన వీధిని రష్యన్ ఇంజనీరు యాబ్లోచ్‌కోవ్ తయారుచేసిన ఆర్కు దీపాలతో వెలిగించారు. అయితే వాటి కాంతి మిరుమిట్లు గొలిపేది. వీధులకు, కర్మాగారాలకు సరిపోయేదే గాని ఇంటి గదికి పనికిరాదు. ఇంగ్లాండులో జోసెఫ్ స్వాన్ 1879 ఫిబ్రవరిలో న్యూకాసిల్‌లో కర్బన దీపాన్ని ప్రదర్శించాడు. ఇది ఎడిసన్ విజయానికి సుమారు ఎనిమిది నెలల ముందరి సంగతి. కాని ఆ దీపంలో మందమైన కర్బన కడ్డీ ఉండేది, దాని విద్యున్నిరోధం చాలా తక్కువ.

రాగి లెక్క

1878 సెప్టెంబరులో కనెక్టికట్ రాష్ట్రంలోని ఆన్సోనియాలో విలియం వాలేస్ కర్మాగారంలో ఎడిసన్ డైనమోను, ఆర్కు దీపాలను చూశాడు. ఇంటి దీపం సమస్య త్వరలోనే తీరిపోతుందని పత్రికలకు చెప్పాడు. ఆ మాటకే గ్యాసు కంపెనీల వాటాల ధరలు పడిపోయాయి. నిజానికి అది తొందరపాటు ప్రకటన. దానిని నిలబెట్టుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది.

ఈ కాలంలో ఎడిసన్‌కు, గణితంలో శిక్షణ పొందిన అతని సహాయకుడు ఫ్రాన్సిస్ అప్టన్‌కు ఎదురైన ప్రశ్న రాగి ఖర్చు. దీపానికి అందే శక్తి వోల్టేజి, కరెంటుల లబ్ధం. తీగలో వేడి రూపంలో వృథా అయ్యే శక్తి మాత్రం కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కనుక వోల్టేజిని 10 రెట్లు చేస్తే అంతే వెలుగుకు కరెంటు పదవ వంతు చాలును. అప్పుడు మునుపటంత నష్టమే కలిగేటట్లు చూసుకున్నా, అడ్డుకోత వైశాల్యంలో నూరవ వంతు ఉన్న తీగ సరిపోతుంది. తక్కువ నిరోధం గల దీపాలతో ఒక పేటకు సరఫరా చేయాలంటే రాగి కొనడానికే పెట్టుబడి చాలదు. అందువలన దీపపు తంతువు సన్నగా, సుమారు 100 ఓముల నిరోధంతో ఉండాలని తేలింది. దీపాలను ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వెలిగించి ఆర్పుకొనడానికి సమాంతరంగా కలపాలని కూడా నిర్ణయించారు.

మొదట ప్లాటినం తీగతో చేసిన ప్రయత్నాలు విఫలమయ్యాయి. పాదరసపు పంపుతో గాజు బుడ్డిలోని గాలిని బాగా తీసివేయడం సాధ్యమైన తరువాత కర్బనం వైపు మళ్ళారు. 1879 అక్టోబరు 22న కర్బనంగా మార్చిన నూలుదారం సుమారు 14 గంటలు వెలిగింది. (అది 40 గంటలు వెలిగిందన్న కథనం తరువాతి కాలంలో ప్రచారంలోకి వచ్చినది.) ఆ డిసెంబరు 31న మెన్లో పార్కులో ప్రజలకు ప్రదర్శన ఇచ్చారు. 1880 జనవరి 27న 223898 సంఖ్యతో పేటెంటు లభించింది. నూలుకు బదులు జపాను వెదురును వాడిన తరువాత దీపం వెయ్యి గంటలకు పైగా మన్నసాగింది. ఈ పనిలో చార్లెస్ బాచిలర్, జాన్ క్రూసీ, గాజు పనివాడు లుడ్విగ్ బోహ్మ్ మొదలైన వారి శ్రమ ఎంతో ఉంది.

పెర్ల్ స్ట్రీట్ కేంద్రం

లండన్‌లోని హోల్‌బర్న్ వయాడక్ట్ వద్ద 1882 జనవరిలోనే ఎడిసన్ కంపెనీ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. కాని పేరు తెచ్చింది న్యూయార్కులోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం. 1882 సెప్టెంబరు 4న ఇక్కడ సరఫరా ప్రారంభమైంది. మొదటి రోజున సుమారు 400 దీపాలు వెలిగాయి. అప్పటి ప్రసిద్ధ సర్కస్ ఏనుగు పేరు మీదుగా జంబో అని పిలిచిన 27 టన్నుల డైనమోలు నేరుగా ఆవిరి యంత్రాలకు జోడించబడి, 110 వోల్టుల ఏకముఖ విద్యుత్తును ఉత్పత్తి చేసేవి. తీగలను స్తంభాలకు కట్టక, ఇనుప గొట్టాలలో నేలక్రింద వేశారు. 1884 నాటికి వినియోగదారులు 508 మంది, దీపాలు 10,164 అయ్యాయి.

వాడకాన్ని కొలవడానికి ఎడిసన్ రసాయనిక మీటరును తయారుచేశాడు. జింకు సల్ఫేటు ద్రావణంలో రెండు జింకు పలకలు ఉండేవి. ఇంటికి వచ్చే కరెంటులో ఒక స్వల్ప భాగం వాటి గుండా ప్రవహించి, ఒక పలక నుండి జింకును కరిగించి రెండవ దానిపై చేర్చేది. ఉద్యోగులు పలకలను తీసుకువెళ్ళి తూచి, బరువులోని తేడాను బట్టి బిల్లు వేసేవారు. చలికాలంలో ద్రావణం గడ్డకట్టకుండా మీటరు పెట్టెలోనే ఒక చిన్న దీపం వెలిగించేవారు.

పరిమితులు

100 ఓముల దీపం రాగిని ఆదా చేసినా, 110 వోల్టులతో కేంద్రం నుండి సుమారు ఒక మైలు దాటి సరఫరా చేయడం లాభసాటి కాదు. 1883లో పెన్సిల్వేనియాలోని సన్‌బరీలో ప్రవేశపెట్టిన మూడు తీగల పద్ధతి రాగిని మరింత ఆదా చేసింది గాని, దూరం సమస్యను తీర్చలేకపోయింది. ఏకాంతర విద్యుత్తు వోల్టేజిని ట్రాన్స్‌ఫార్మరుతో పెంచి, తగ్గించవచ్చును. జార్జ్ వెస్టింగ్‌హౌస్ ఈ మార్గాన్ని చేపట్టాడు. వోల్టేజి పెంచితే రాగి తగ్గుతుందని స్వయంగా లెక్కకట్టిన ఎడిసన్, ఆ సూత్రాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయిన పద్ధతిని వ్యతిరేకించడం విడ్డూరమే. 1888లో హెరాల్డ్ బ్రౌన్ అనే ఇంజనీరు ఎడిసన్ ప్రయోగశాలలో ఏకాంతర విద్యుత్తుతో జంతువులను చంపి చూపాడు. 1890 ఆగస్టు 6న విలియం కెమ్లర్‌కు విద్యుత్ కుర్చీలో అమలు చేసిన మరణశిక్ష ఈ వివాదంలో అత్యంత చీకటి ఘట్టం.

1892లో ఎడిసన్ కంపెనీ థామ్సన్-హ్యూస్టన్ కంపెనీతో విలీనమై జనరల్ ఎలక్ట్రిక్ అయింది. కొత్త పేరులో ఎడిసన్ పేరు లేదు. 1893లో షికాగో ప్రదర్శనను వెస్టింగ్‌హౌస్ ఏకాంతర విద్యుత్తుతో వెలిగించాడు. 1896 నుండి నయాగరా జలపాతపు విద్యుత్తు బఫెలో నగరానికి చేరింది.

పెర్ల్ స్ట్రీట్ కేంద్రం 1890 జనవరి 2న అగ్ని ప్రమాదానికి గురైంది. ఒక జంబో డైనమో మాత్రమే మిగిలింది. అది ఇప్పుడు మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ ప్రదర్శనశాలలో ఉంది. న్యూయార్కులో కొన్ని పాత భవనాలకు ఏకముఖ విద్యుత్తు సరఫరా మాత్రం 2007 నవంబరు 14 వరకు కొనసాగింది.