నెట్ లేని కంప్యూటర్‌కు వైరస్ సోకుతుందా? ఒక చారిత్రక పరిశీలన

ఇంటర్నెట్ కనెక్షన్ లేని కంప్యూటర్‌కు వైరస్ రాదని చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకం ఎంతవరకు సరైనదో చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ పాఠ్యాంశం ఉద్దేశం. ఇంట్లో ప్రాజెక్టు రిపోర్టు టైపు చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఉప్పల్‌లోనో నాచారంలోనో జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకునే విద్యార్థికి ఈ ప్రశ్న పరీక్షల కోసమే కాదు, మూడేళ్ల చదువు దాచుకున్న ఫైళ్ల కోసం కూడా అవసరం.

1. తూర్పు హైదరాబాద్‌లో తొలి కంప్యూటర్లు

నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా ఉత్తరానికి వెళ్తే ఈసీఐఎల్ వస్తుంది. 1967లో అణుశక్తి శాఖ కింద ఏర్పడిన ఈ సంస్థ పేరు, ట్రాంబేలో రూపొంది 1969లో పని ప్రారంభించిన టీడీసీ-12 కంప్యూటర్‌తో ముడిపడి ఉంది. 1970లలో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి.

ఆనాటి కంప్యూటర్లకు వైరస్ బెడద లేదు. నెట్ లేకపోవడమే దీనికి కారణమని తొందరపడి నిర్ణయించరాదు. అప్పట్లో ఒక రకం యంత్రానికి రాసిన ప్రోగ్రాం మరో రకం యంత్రంపై సాధారణంగా నడిచేది కాదు. యంత్రాలు కొద్ది. వాటిని వాడేవారూ కొద్దిమందే. ప్రోగ్రాంలు చేతులు మారే అవకాశమే తక్కువ.

2. ఫ్లాపీల కాలం

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. అనతికాలంలోనే దానిని పోలిన కంప్యూటర్లు ప్రపంచమంతా వ్యాపించాయి. ఒకచోట రాసిన ప్రోగ్రాం అన్నిచోట్లా నడిచే పరిస్థితి ఏర్పడింది. ఫ్లాపీలు చేతులు మారసాగాయి. వైరస్‌కు కావలసిన రెండు పరిస్థితులు ఇవే.

1982లో అమెరికాలో రిచ్ స్క్రెంటా అనే పాఠశాల విద్యార్థి రాసిన ఎల్క్ క్లోనర్, ఆపిల్-2 కంప్యూటర్లలో ఫ్లాపీల ద్వారా వ్యాపించింది. పీసీలకు సోకిన తొలి వైరస్‌గా పేరొందిన బ్రెయిన్, 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ముల చేతిలో పుట్టింది. అది ఫ్లాపీలోని బూట్ సెక్టర్‌లో దాగేది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ముందుగా చదివే భాగం అదే. సోకిన ఫ్లాపీతో కంప్యూటర్‌ను మొదలుపెడితే వైరస్ మెమరీలోకి చేరి, ఆ తరువాత పెట్టిన ఫ్లాపీలకు అంటుకునేది.

మన దేశంలో 1990లో గుర్తించిన జోషి వైరస్ కూడా ఈ కోవకు చెందినదే. జనవరి 5న అది తెరపై ప్రత్యక్షమై, జోషికి జన్మదిన శుభాకాంక్షలు టైపు చేయమని అడిగేది. చేసేవరకు కంప్యూటర్ కదిలేది కాదు.

విద్యార్థులు ఇక్కడ తేదీలను పోల్చి చూడాలి. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. అంటే నెట్ కంటే ఐదేళ్ల ముందే వైరస్ మన దేశంలో ఉంది. మన ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు అక్కరలేదు.

3. పెన్‌డ్రైవ్ కాలం

ఫ్లాపీ స్థానంలో పెన్‌డ్రైవ్ వచ్చింది, పద్ధతి మాత్రం మారలేదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్, ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో ఇంటర్నెట్‌కు కలపని వ్యవస్థల్లోకి ప్రవేశించింది. పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్ల జాబితాను తెరపై చూసినంత మాత్రానే అది సోకగలిగేది. ఇరాన్, ఇండోనేషియాల తరువాత అది ఎక్కువగా కనిపించిన దేశాల్లో మన దేశం ఒకటి.

4. వేరుగా ఉంచడం వృథాయేనా?

కాదు. 2019లో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రానికి సంబంధించి, పరిపాలన పనులకు నెట్‌తో కలిపిన ఒక కంప్యూటర్‌లో మాల్వేర్ కనిపించింది. కీలకమైన అంతర్గత నెట్‌వర్క్ దాని నుంచి వేరుగా ఉందని అణువిద్యుత్ సంస్థ ప్రకటించింది. కంప్యూటర్‌ను వేరుగా ఉంచితే వైరస్ వచ్చే దారులు తగ్గుతాయి. లోపలి సమాచారం బయటికి పోవడం కూడా కష్టమవుతుంది. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. నెట్ లేని కంప్యూటర్‌లో యాంటీవైరస్ తనంతట తాను అప్‌డేట్ కాదు. కొత్త వైరస్ పెన్‌డ్రైవ్‌లో వస్తే పాత యాంటీవైరస్ దానిని గుర్తించలేకపోవచ్చు.

సారాంశం

వైరస్ తనంతట తాను పుట్టదు. బయటి నుంచి ఏదో ఒక వాహకం దానిని తేవాలి. అది ఒకప్పుడు ఫ్లాపీ, తరువాత సీడీ, నేడు పెన్‌డ్రైవ్. ఇంటర్నెట్ ఆ వాహకాల్లో ఒకటి మాత్రమే. కాబట్టి కంప్యూటర్‌కు నెట్ ఉందా లేదా అని అడిగితే చాలదు. దానిలోకి ఏవేవి, ఎవరి చేతుల మీదుగా వస్తున్నాయని అడగాలి. ప్రింటుకు తీసుకెళ్లే పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైలే ఉంచాలి. తిరిగి వచ్చాక, అప్‌డేట్ అయిన యాంటీవైరస్‌తో పరీక్షించాకే దానిని తెరవాలి. ముఖ్యమైన ఫైళ్లకు మరొక ప్రతి విడిగా దాచుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తొలితరం కంప్యూటర్లకు వైరస్ బెడద లేకపోవడానికి గల కారణాలను వివరించండి.
2. జోషి వైరస్ కాలాన్ని, మన దేశంలో ఇంటర్నెట్ ప్రారంభాన్ని పోల్చి మీరు గ్రహించిన విషయాన్ని రాయండి.