మావోరి పరిశోధక విద్యార్థుల ఉపకారవేతనాలు (న్యూజీలాండ్)

న్యూజీలాండ్ మూలవాసులైన మావోరి ప్రజల నుంచి పీహెచ్‌డీ దాకా వచ్చే విద్యార్థులకు విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వం, మావోరి తెగల సంస్థలు ఇచ్చే ఆర్థిక సహాయం ఇది. ఫీజు, జీవన భృతి ఇందులో ముఖ్యమైనవి. అయితే భృతి ఒక్కటే పరిశోధకులను తయారుచేయదని అక్కడి అనుభవం చెబుతోంది. కలిసి నడిచే తోటివారు, దారి చూపే పెద్దలు, చదువయ్యాక ఉద్యోగం ఉన్నచోటే ఆ డబ్బు పూర్తి ఫలితమిచ్చింది.

జాతిని చూసి డబ్బివ్వడమేమిటి, పేదరికం చూసి ఇస్తే చాలదా అని అడిగేవారున్నారు. పైకి న్యాయంగానే వినిపించే ప్రశ్న. జవాబు మావోరి చదువుల చరిత్రలో ఉంది. బ్రిటిష్ రాజ్యానికీ మావోరి నాయకులకూ మధ్య వైతాంగి ఒప్పందం 1840లో కుదిరింది. 1867 చట్టంతో మావోరి గ్రామాల్లో ఇంగ్లిషు చెప్పే బడులు వెలిశాయి. ఇవి ప్రాథమిక చదువుకే పరిమితం. మావోరి బాలుర బడి అయిన టే ఔటే కళాశాల మాత్రం పిల్లలను విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షకు సిద్ధం చేసేది. అక్కడ చదివిన అపిరానా న్గాటా 1893లో పట్టా అందుకున్నాడు. న్యూజీలాండ్‌లో డిగ్రీ పూర్తిచేసిన తొలి మావోరి ఆయనే. ఇంత ఫలితం చూపిన బడిని విద్యాశాఖ మెచ్చుకోవలసింది పోయి, 1900 తర్వాతి తొలి సంవత్సరాల్లో లాటిన్ వంటి చదువులు తగ్గించి వ్యవసాయం, చేతిపనులు నేర్పమని ఒత్తిడి తెచ్చింది. మావోరి పిల్లలకు పొలం పనే తగిన చదువని అధికారుల అభిప్రాయం. ఆదాయం ఎంతో చూసి చేసిన అన్యాయం కాదు కనుక, ఆదాయ ధ్రువపత్రం ఒక్కటే దాన్ని సరిచేయలేదు.

డబ్బుకు తోడు ఏం కావాలో 2002 తర్వాత స్పష్టమైంది. ఆ ఏడాది ఆక్లండ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా న్గా పాయె ఓ తె మారమతంగా అనే మావోరి పరిశోధనా సంస్థ మొదలైంది. లిండా తుహివై స్మిత్, మైకేల్ వాకర్ దాని తొలి సహ సంచాలకులు. ఐదేళ్లలో 500 మంది మావోరి పీహెచ్‌డీలన్న లక్ష్యాన్ని మావోరి విద్యావేత్త గ్రాహం స్మిత్ ముందుకు తెచ్చినప్పుడు అతిశయోక్తి అనిపించింది. కానీ వేర్వేరు విశ్వవిద్యాలయాల్లో ఒంటరిగా మిగిలిన విద్యార్థులను ఒకచోట చేర్చి, రాత శిబిరాలు పెట్టి, సీనియర్ పరిశోధకులను తోడిచ్చారు. చదువుతున్నవారినీ పూర్తిచేసినవారినీ కలిపి లెక్కిస్తే ఆ దశాబ్దం ముగిసేలోపే 500 దాటారు. చదువుతున్నవారిని కలపడం కొంత సర్దుబాటే, అది ఒప్పుకోవాలి. అయినా కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం 2005లో సేజ్ పేరుతో ఇదే పద్ధతి చేపట్టింది.

ఇలా ఇస్తే ప్రమాణాలు పడిపోతాయనే మాట నిలవదు. థీసిస్‌ను మావోరి భాషలో రాయవచ్చు గానీ, బయటి పరీక్షకుల ముందు నిలబడాల్సింది అందరిలాగే. అసలు బలహీనత వేరేచోట ఉంది. జనాభాలో దాదాపు 16 శాతం ఉన్న మావోరీలు 2012 నుంచి 2017 వరకు విశ్వవిద్యాలయ అధ్యాపక వర్గంలో సుమారు 5 శాతం దగ్గరే ఆగిపోయారని 2019లో టారా మెక్‌అలిస్టర్ బృందం చూపింది. పట్టాలు పెరిగినా నియామకాలు పెరగలేదంటే, ఉపకారవేతనం తప్పని కాదు, దాని వెనక రావలసిన అడుగు పడలేదని అర్థం.

మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చేది 2005-06లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైన ఎస్టీ జాతీయ ఫెలోషిప్. ఇప్పుడు గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 మందికి కొత్తగా దీన్ని కేటాయిస్తోంది. అరకు, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల నుంచి పీహెచ్‌డీకి వచ్చేవారికీ ఇది వర్తిస్తుంది. ఎంతమందికి ఇచ్చామన్న అంకెతో పాటు, వారిలో ఎంతమంది థీసిస్ సమర్పించారో, ఎంతమంది అధ్యాపకులయ్యారో కూడా ఆ శాఖ ఏటా ప్రకటించాలి.