ఆరువందలు తక్కువ

ఆ తాటిమట్ట ఇటు తోయరా, మంట ఆరిపోతోంది. ఏమ్మా, లా చదివేది నువ్వే కదా, దగ్గరికి జరుగు. పొద్దున నువ్వు రాజ్యాంగం నూట ముప్పై మూడో అధికరణం వల్లె వేస్తుంటే మా మిర్చి షావుకారు గుర్తొచ్చాడు.

అప్పుడు గుంటూరులో ప్లీడరుగారి దగ్గర గుమాస్తాని. షావుకారు పైవూరి వ్యాపారికి మిర్చి టిక్కీలు పంపాడు. సరుకు తేమెక్కిందని ఆయన డబ్బు ఎగ్గొట్టాడు. అసలూ వడ్డీ కలిపి 21 వేలు దాటింది. కోర్టు ఫీజు లెక్క చూసేసరికి షావుకారు గుడ్లు తేలేశాడు. "వడ్డీలో కొంత కొట్టేయండి, స్టాంపు ఖర్చన్నా తగ్గుద్ది" అన్నాడు. ప్లీడరుగారు వద్దన్నా వినలేదు. 19,400కి దావా వేశాం. ఆ అంకె రాసింది ఈ చెయ్యే.

సబ్‌కోర్టులో గెలిచాం, హైకోర్టులో ఓడాం. అది 1969. సుప్రీంకోర్టుకు పోవాలంటే ముందు ఆ ఓడించిన హైకోర్టునే సర్టిఫికెట్ అడగాలి. దావా విలువ 20 వేలుండి, కింది తీర్పును హైకోర్టు తిరగేసి ఉంటే పెద్ద వాదనే అక్కర్లేదు. రెండు కోర్టులూ ఒకే మాటంటే మాత్రం గట్టి న్యాయప్రశ్న చూపించాలి. మా నాన్న రోజుల్లో లండన్ ప్రివీ కౌన్సిల్‌కైతే ఆ గీత పదివేలట.

గడువు 60 రోజులు. తీర్పు నకలు కోసం నన్ను హైదరాబాదు పంపారు. మూసీ ఒడ్డున ఆ కోర్టు నోటీసుబోర్డుకి రోజుకు రెండుసార్లు మొహం చూపించేవాణ్ణి, స్టాంపులకి పిలుపొచ్చిందా అని. ఎప్పుడు పిలిచారు, ఎప్పుడు కట్టాం, నకలు ఎప్పుడు తయారైంది, అన్నీ కాగితం వెనక తేదీలతో ముద్ర పడతాయి. నకలుకు పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు గానీ, స్టాంపులు కట్టడంలో మన బద్ధకం మన నెత్తినే. అందుకే మధ్యాహ్నం భోజనం కూడా ఇరానీ చాయ్‌తో సరిపెట్టేవాణ్ణి.

పిటిషన్ విచారణకొచ్చింది. జడ్జీలిద్దరిలో పెద్దాయన దావా కాగితం తిప్పారు. విలువ దగ్గర వేలు ఆగింది. దావా వేశాక పెరిగిన వడ్డీ కలుపుకోమని మా ప్లీడరుగారు అడిగారు. దావా వేసిన నాడు ఎంత అని ఆయన ఒక్క ముక్క అడిగారు. నా గొంతు తడారిపోయింది. విలువ తక్కువైనా కేసు ప్రత్యేకమైతే ఇవ్వొచ్చు. తడిసిన మిర్చిలో ఏం ప్రత్యేకత చూపిస్తాం?

సర్టిఫికెట్ రాలేదు. ఇక ఢిల్లీ వెళ్లి స్పెషల్ లీవ్ అడగటమే దారి అన్నారు ప్లీడరుగారు. "లీవులొద్దు బాబూ, నాకే సెలవిప్పించండి" అని దణ్ణం పెట్టాడు షావుకారు.

1973లో ముప్పయ్యో సవరణ అమల్లోకొచ్చి ఆ 20 వేల గీత చెరిపేసింది. ఇక సొమ్మెంతన్నది కాదు, పదిమందికీ సంబంధించిన న్యాయప్రశ్న ఉందా, దాన్ని సుప్రీంకోర్టే తేల్చాలా అన్నది చూస్తారు. ఆ ముక్క చెబుదామని షావుకారు కొట్టుకెళ్లా. టిక్కీలు కాటా వేయిస్తున్నాడు. అంతా విని, "ఇంతకీ ఆ రోజు నాకు ఫీజులో మిగిలిందెంతరా?" అన్నాడు. చెప్పాను. కాటా మనిషి పకపకా నవ్వాడు. షావుకారు నవ్వలేదు.