ప్రయాణ పటంలో చరిత్ర: పెరూ

పెరూ దేశం చూడాలన్నది చాలా కాలపు కోరిక. ఈసారి పన్నెండు రోజుల సెలవు సమకూడింది. ఒక ప్రయాణ సంస్థవారు పంపిన పథకం తెరిచి చూశాను. లీమాలో దిగడం, మర్నాడు విమానంలో కుస్కో, ఆ మర్నాడు రైలెక్కి మచు పిచ్చు, నాలుగు ఫోటోలు, తిరుగు ప్రయాణం. పథకం పైన “ప్రాచీన శిథిలాల దేశం” అనీ, మచు పిచ్చు బొమ్మ కింద “మరుగునపడిన మహానగరం” అనీ రాసి ఉంది. దాన్ని పక్కన పెట్టి, మా వీలుకూ మా ఆసక్తికీ తగినట్లు మేమే పథకం వేసుకుందామని కూర్చున్నాం. ఆ రెండు మాటల్లో నిజమెంతో పరిశీలిస్తూ పోయేసరికి, ప్రయాణ క్రమమే మారిపోయింది.

మొదట “ప్రాచీనం” సంగతి. మచు పిచ్చును కట్టించింది ఇంకా చక్రవర్తి పచకూతి అని చరిత్రకారుల అభిప్రాయం. స్పానిష్ వారు రాసిపెట్టిన వృత్తాంతాల ఆధారంగా అతడు 1438లో గద్దెనెక్కాడనీ, ఈ కట్టడం 1450 ప్రాంతాలదనీ చాలా కాలం అనుకున్నారు. ఇంకాలకు లిపి లేదు. ముడులు వేసిన తాళ్ళతో లెక్కలు ఉంచుకున్నారు. ఆ ముడుల్లో సంఖ్యలు చదవగలుగుతున్నారు గాని కథలు ఉన్నాయో లేదో తేలలేదు. అందువల్ల వారి కాలక్రమమంతా వారిని జయించినవారి కలం మీదే ఆధారపడవలసి వచ్చింది. 2021లో వెలువడిన ఒక పరిశోధన మాత్రం అక్కడి సమాధుల్లో దొరికిన ఇరవైఆరుగురి అస్థికలకు రేడియోకార్బన్ పరీక్ష జరిపి, సుమారు 1420 నాటికే అక్కడ జనం ఉన్నారని చూపింది. రాజుగారి పట్టాభిషేకానికి ముందే రాజుగారి విడిది ఉండదు గదా! రాత చెప్పినదాన్ని ఎముకలు సవరించాయన్నమాట.

ఏ లెక్క తీసుకున్నా అది మన శ్రీనాథుడి కాలం, లేదా ఆ తరువాతి తరం. మనం శ్రీనాథుణ్ణి ప్రాచీన శిలాయుగం వాడిలా చూడం. ఆ దేశంలో నిజంగా ప్రాచీనమైనది చూడాలంటే కుస్కో దాకా పోనక్కరలేదు. లీమాకు ఉత్తరాన, సూపే నది లోయలో కరాల్ ఉంది. కుండలు చేయడం కూడా ఎరగని జనం అక్కడ పెద్ద పెద్ద దిబ్బ కట్టడాలు నిలబెట్టారు. క్రీ.పూ. 2600 ప్రాంతానిదని 2001లో కాలనిర్ణయం జరిగింది. అంటే మన హరప్పా నగరాలకు సమకాలికం! కరాల్‌కూ మచు పిచ్చుకూ నడుమ నాలుగు వేల ఏళ్ళు గడిచాయి. ఇంకాల సామ్రాజ్యం సాగింది అటూ ఇటూగా ఒక్క శతాబ్దం. అందుచేత మా పథకంలో మొదటి రోజు కరాల్‌కు ఇచ్చాం. అది చూడకుండా కొండలెక్కితే, పుస్తకంలో చివరి పుట చదివి మొత్తం చదివామనుకున్నట్లే.

ఇక “మరుగునపడిన” అన్న మాట. యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే హైరమ్ బింగమ్ 1911 జూలై 24న మచు పిచ్చుకు చేరాడు. దారి చెప్పినవాడు మెల్కోర్ ఆర్తియాగా అనే స్థానిక రైతు. పైకి వెళ్ళేసరికి అక్కడ రైతు కుటుంబాలు కాపురముంటూ, ఇంకాలు కట్టిన మెట్ల పొలాల్లోనే పంటలు పండించుకుంటున్నాయి. ఆ కుటుంబాల్లోని ఒక పిల్లవాడే బింగమ్‌ను శిథిలాల మధ్యకు తీసుకువెళ్ళాడు. ఒక గోడ మీద బొగ్గుతో రాసిన అగస్తీన్ లిసారాగా అనే పేరు, 1902 అనే సంవత్సరం కనిపించాయి. ఇంతమందికి తెలిసిన చోటు ఎవరికి మరుగున పడినట్లు? పోనీ, బింగమ్ వెతికిన నగరమైనా అదేనా అంటే, కాదు. ఇంకాల చివరి ఆశ్రయమైన విల్కబాంబ కోసం వెతుకుతూ, మచు పిచ్చునే విల్కబాంబ అని తరువాత వాదించాడు. అసలు విల్కబాంబ అడవిలోని ఎస్పిరిటు పాంపా అని పండితులు ఆ తరువాత నిర్ధారించారు. విచిత్రమేమిటంటే, బింగమ్ అదే 1911లో అక్కడికీ వెళ్ళాడు! చూసినా గుర్తించలేదు.

ఇప్పుడు ప్రయాణ క్రమం. కుస్కో సముద్రమట్టానికి 3,400 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రతీరపు లీమా నుంచి విమానంలో నేరుగా అక్కడ దిగితే తలనొప్పి, ఆయాసం తప్పకపోవచ్చు. మచు పిచ్చు అంతకన్న దాదాపు వెయ్యి మీటర్లు కిందనే, 2,430 మీటర్ల దగ్గర ఉంది. కనుక కుస్కోలో ఆగకుండా లోయలోకి దిగిపోయి, ఒయాంటాయ్‌టాంబోలో మూడు రాత్రులు గడిపి, మచు పిచ్చు చూసి, ఆఖరున కుస్కో ఎక్కడం శరీరానికి మంచిది. ఆలోచిస్తే చరిత్రకూ అదే మంచిది.

ఎందుకంటే, కృష్ణదేవరాయలు గతించిన మూడేళ్ళకు, 1532 నవంబరు 16న పిజారో కహమార్కలో అతవాల్పను బంధించడంతో కథ అయిపోయిందని మనం చదువుకున్నాం. అయిపోలేదు. 1536లో మాంకో ఇంకా తిరగబడి కుస్కోను ముట్టడించాడు. ఆ మరుసటి ఏడాది ఒయాంటాయ్‌టాంబో మెట్ల మీద నిలబడి, నదినీళ్ళు మైదానంలోకి మళ్ళించి, గుర్రాల దళాన్ని వెనక్కి తరిమాడు. ఆ తరువాత విల్కబాంబకు తరలిపోయాడు. అక్కడి చివరి రాజు టుపాక్ అమారును పట్టి తెచ్చి కుస్కో చౌకులో శిరచ్ఛేదం చేసింది 1572లో. అంటే నలభై ఏళ్ళ పోరాటం! ఈ వరుస తెలిసి కుస్కోలో అడుగుపెట్టినవాడికి ఆ చౌకు ఉత్త కాఫీ కొట్ల వరుసగా కనిపించదు.

కుస్కోలో కోరికాంచ చూడాలి. సూర్యాలయపు గోడల మీదనే స్పానిష్ వారు క్రైస్తవ మఠం కట్టారు. 1950 భూకంపంలో మఠం బాగా దెబ్బతింది. కింది ఇంకా గోడలు నిలిచాయి. తరువాత కాసా కాంచ మ్యూజియం. బింగమ్ యేల్‌కు తరలించుకుపోయిన వస్తువులు శతాబ్దం తరువాత, 2011, 2012 సంవత్సరాల్లో తిరిగివచ్చి అక్కడ చేరాయి. అప్పు తెచ్చుకున్న వస్తువులని పెరూ, తమవేనని విశ్వవిద్యాలయం ఏళ్ళ తరబడి వాదులాడుకున్నాక వచ్చినవి.

చివరి రోజు దేనికి ఇవ్వాలన్నదాని మీద ఇంట్లో చర్చ జరిగింది. ఇంకాల రహదారులు ఆరు దేశాల్లో ముప్ఫై వేల కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. చక్రం లేదు, గుర్రం లేదు. మనుషుల కాళ్ళు, లామాల వీపులే ఆధారం. దారి పొడుగునా టాంబోలు, అంటే మన సత్రాల వంటివి. కాని అవి యాత్రికుల సత్రాలు కావు. రాజ్యం పని మీద వెళ్ళేవారికే ఆ దారీ, ఆ తిండీ. దారి వేసినది ప్రజల వంతు చాకిరీ. ఈనాడు మచు పిచ్చుకు నడిచివెళ్ళే దారిలో రోజుకు అయిదు వందల మందినే అనుమతిస్తారు. ఆ లెక్కలో బరువులు మోసే కూలీలూ ఉంటారు. వారు మోయవలసిన బరువుకు ఇరవై కిలోల హద్దు పెట్టడానికి 2001లో చట్టం చేయవలసి వచ్చింది. నేటికీ ఆ దారి వీపుల మీదే నడుస్తోంది.

అందుకే చివరి రోజు కెస్వచాక వంతెనకు ఇచ్చాం. అపురిమాక్ నది మీద గడ్డితో పేనిన మోకుల వంతెన అది. నాలుగు క్వెచువా గ్రామాలవారు ఏటా జూన్‌లో పాతదాన్ని తెంచి నదిలో వదిలి, కొత్తది అల్లుతారు. కోవిడ్ రోజుల్లో ఆ పని ఆగింది. 2021లో వంతెన తెగిపడింది. ఆ ఏడే మళ్ళీ అల్లారు. రాజ్యం పోయి అయిదు వందల ఏళ్ళు కావస్తోంది. ఆజ్ఞాపించే చక్రవర్తి లేడు. వంతు పని మాత్రం మిగిలింది, ఈసారి తమ కోసం.

ఆ దేశంలో క్వెచువా మాట్లాడేవారు ఇప్పటికీ లక్షల్లో ఉన్నారు. మా పథకం పై అట్ట మీద “ప్రాచీన శిథిలాలు” కొట్టేసి, ఊళ్ళ పేర్లు మాత్రం వరుసగా రాసుకున్నాను. కరాల్, ఒయాంటాయ్‌టాంబో, మచు పిచ్చు, కుస్కో, కెస్వచాక. జూన్ నెలకే టికెట్లు తీసుకున్నాం.