పురవిహారం, పూటకూడు, కల్లుపన్ను: కృష్ణ ఒడ్డు నుంచి ఒక పరిశీలన

నగరానికి పోయి ఒకటి రెండు రోజులు ఇష్టమైనవి తిని, తాగి, ఆటపాటలు చూసి రావడం ఈ కాలపు అలవాటని, పాశ్చాత్యుల నుంచి వచ్చినదని చాలామంది అనుకుంటారు. తెలుగు ఆధారాలు అట్లా చెప్పడం లేదు. పురవిహారమే వస్తువుగా వెలసిన కావ్యం మనకు సుమారు ఆరు వందల ఏండ్ల కిందటే ఉన్నది. అయితే ఆ విహారంలోని తిండి కథ వేరు, తాగుడు కథ వేరు. ఈ రెంటి చరిత్రను విడదీసి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. చూసే చోటు రాయచూరు జిల్లాలోని శక్తినగర్.

శక్తినగర్ రాయచూరుకు సుమారు 20 కి.మీ. దూరంలో, కృష్ణానదికి దక్షిణపు ఒడ్డున, దేవసూగూరు పక్కన ఉన్నది. ఇక్కడి తాప విద్యుత్కేంద్రంలో మొదటి యూనిట్ 1985లో పని మొదలుపెట్టింది. ఆ ఉద్యోగుల కోసం ఏర్పడిన కాలనీయే శక్తినగర్. నిజాం కాలపు వంతెన దాటితే అవతలి ఒడ్డు తెలంగాణలోని కృష్ణా మండలం. ఊరు కొత్తదైనా నేల పాతది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరేదాకా రాయచూరు జిల్లా హైదరాబాదు రాజ్యంలోనిది. అంటే ఇక్కడివారికి రాజధాని హైదరాబాదే. పని మీద పోయినా సరదాకు పోయినా ఆ నగరానికే పోవలసి ఉండేది.

ఈ సంబంధం ఇంకా వెనుకకు పోతుంది. రాయచూరు కోటగోడలో నలభై అడుగులకు మించిన ఒక రాతిపలక ఉన్నది. దాని మీది శాసనం క్రీ.శ. 1294 నాటిది. కాకతీయ సామంతుడైన గోన గన్నయరెడ్డి అధికారంలో విఠలుడు ఈ కోట కట్టించినట్లు దాని వలన తెలుస్తున్నది. అది ప్రతాపరుద్రుని కాలం. ఆనాడు ఈ అంతర్వేదికి రాజధాని ఓరుగల్లు. మన మొదటి పురవిహార కావ్యం క్రీడాభిరామం వర్ణించిన నగరం కూడ ఆ ఓరుగల్లే.

క్రీడాభిరామం వీథి అనే రూపకభేదానికి చెందినది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం దీనికి మూలం. కర్త వినుకొండ వల్లభరాయడని గ్రంథం చెబుతున్నది. శ్రీనాథుని రచన అన్న వాదం కూడ పండితులలో ఉన్నది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక్క రోజు ఓరుగల్లు వీథులు తిరగడమే ఇందులోని కథ. వారు కోడిపందెం, పొట్టేళ్ళ పందెం చూస్తారు. పల్నాటి వీరుల కథ పాడుతుంటే నిలబడి వింటారు. ఏకవీరను, మైలారదేవుని భక్తుల సాహసాలను చూస్తారు. వేశ్యవాటిక కూడ వారి దారిలోనిదే. ఆకలి వేస్తే పూటకూటింటికి పోతారు.

ఆ పూటకూటింటి వంటకాల పట్టికను కవి మనకు వదిలిపెట్టాడు. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇదంతా ఒక్క రూకకు. సత్రంలో అన్నం పుణ్యం కోసం పెడతారు, చుట్టపుటింట మర్యాద కోసం పెడతారు. ఇక్కడ పెట్టేది వెల కోసం. ఊరూపేరూ తెలియనివాడు కూడ రూక ఇచ్చి విస్తరి ముందు కూర్చోగలడు. పురవిహారం సాధ్యం కావడానికి ఈ ఏర్పాటే మూలం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఓరుగల్లు 1323లో పతనమైనది. కావ్యం ఇప్పటి రూపంలో ఆ తరువాతిది. కనుక దీనిని ప్రత్యక్షసాక్షి వాఙ్మూలంగా కాక, పోయిన నగరాన్ని తలచుకొన్న రచనగా చదవాలి. గద్వాల ప్రాంతంవాడైన సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇటువంటి కావ్యాల నుంచి జనజీవితాన్ని ఎట్లా వెలికితీయవచ్చునో చూపించాడు. 1955లో సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన తొలి పురస్కారం ఆ గ్రంథానికే దక్కింది.

తాగుడు సంగతికి వస్తే సాక్ష్యం వేరే దిక్కు నుంచి వస్తున్నది. పదిహేడవ శతాబ్దిలో గోలకొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, భాగ్యనగరంలోకి రోజూ 500, 600 గుర్రాల మీద తోలుతిత్తులలో కల్లు వచ్చేదని రాశాడు. వేశ్యల ఇండ్ల ముందర దీపాలు వెలిగే వేళకే కల్లు అమ్మే దుకాణాలు తెరుచుకొనేవట. కల్లు మీది పన్ను రాజుకు పెద్ద ఆదాయమని, అంతమంది వేశ్యలను అనుమతించడానికి ముఖ్యకారణం అదేనని ఆయన అభిప్రాయం. విదేశి వర్తకుని మాటలో అతిశయం ఉండవచ్చు. కాని తాగేవాని సంతోషాన్నీ ఖజానానూ ఒకే లెక్కలో చూసిన తొలి వర్ణనలలో ఇది ఒకటి. ఆ తరువాత నిజాముల పాలనలో ఆబ్కారీ ప్రభుత్వపు ప్రధాన ఆదాయాలలో ఒకటైనది.

గురజాడ కన్యాశుల్కంలో ఈ రెండు సంస్థలూ ఎదురవుతాయి. 1897లో అచ్చయిన ఆ నాటకంలో పూటకూళ్ళమ్మ ఉన్నది. 1909 నాటి మలి కూర్పులో బైరాగి, హవల్దారు మొదలైనవారు చేరిన సారా దుకాణం ఉన్నది. పూటకూళ్ళమ్మ విధవ. తన చేతివంటతో బతుకుతున్న ఆమె డబ్బు గిరీశం కాజేస్తాడు. పూటకూడు ఒక ఆడదాని జీవనాధారం. సారా దుకాణం నడిచేది సర్కారు అనుమతితో. ఈ తేడా గమనించదగినది.

దీని పర్యవసానం 1992లో నెల్లూరు జిల్లాలో బయటపడింది. దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారా నిషేధం, 1995లో మద్య నిషేధం వచ్చాయి. రెండవది 1997లో సడలిపోయింది. ఆ మధ్యకాలంలో కృష్ణకు ఉత్తరపు ఒడ్డున మద్యం నేరం, దక్షిణపు ఒడ్డున శక్తినగర్ వైపు చట్టసమ్మతం. ఒకే వంతెన, ఒకే మాట, ఒకే తిండి. శాసనం మాత్రం రెండు. కర్ణాటక సారాను నిషేధించినది 2007లో.

శక్తినగర్ ఒడ్డున నిలబడితే ఈ చరిత్ర స్పష్టపడుతుంది. తిండికీ ఆటపాటలకూ సరిహద్దు లేదు. అవి మనుషుల చేతులలో, గొంతులలో ఉంటాయి. మద్యానికి మాత్రం ప్రతి రాజ్యంలోనూ ఒక ఖజానా, ఒక సరిహద్దు ఉన్నాయి. నగరంలో ఒక రోజు సుఖంగా గడిపి వచ్చినవాడు వెల ఇచ్చానని అనుకుంటాడు. ఆ వెలలో కొంత ఇంటి దగ్గరి ఆడవారు కట్టారని దూబగుంట స్త్రీలు చెప్పేదాకా మన చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. పూటకూటింట ఇచ్చిన రూక కావ్యంలోకి ఎక్కింది. ఆ అన్నం వండినవారి కథ, కల్లు పన్ను కట్టిన ఇండ్ల కథ ఇంకా ఎక్కవలసి ఉన్నది. సరిహద్దు జిల్లాల ఆబ్కారీ దస్త్రాలను, రెండు ఒడ్డుల వృద్ధస్త్రీల జ్ఞాపకాలను కలిపి పరిశీలించే పనికి మన విద్యార్థులు పూనుకోవాలి.