పెట్టెలో దొరికిన కిరీటం

ఎడిన్‌బరో నడిబొడ్డున, ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతపు రాతి మీద ఒక కోట ఉంది. మూడు వైపులా నిలువు చరియలు, తూర్పున మాత్రమే ఎక్కే దారి. గోల్కొండను చూస్తూ ఫిల్మ్‌నగర్‌లో పెరిగినదాన్ని కాబట్టి, చదువుకని వచ్చిన ఈ ఊరు నాకు పరాయిదనిపించలేదు. గోల్కొండ కొండ మీది బాలాహిస్సార్‌లాగే ఇక్కడా రాజమహలు పైనే ఉంటుంది.

అందులో ఒక ఇరుకు గదిలో 1566లో స్కాట్లాండ్ రాణి మేరీ జేమ్స్‌ను కన్నది. ఆ పిల్లవాడే 1603లో ఇంగ్లండ్‌కూ రాజై లండన్ వెళ్లిపోయాడు. మళ్లీ సొంతగడ్డ తొక్కింది ఒక్కసారే, 1617లో.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఆ మహల్లోనే ఉన్న కిరీటం, రాజదండం, ఖడ్గం. 1649లో చార్లెస్ రాజు తల నరికాక, రాచరికాన్ని రద్దుచేసిన క్రామ్‌వెల్ పక్షంవాళ్లు ఇంగ్లండ్ కిరీటాన్ని కరిగించేశారు. తర్వాత స్కాట్లాండ్ మీదికొచ్చారు. స్కాట్లాండ్‌వాళ్లు తమ కిరీటాన్ని సముద్రపుటొడ్డున డన్నొటర్ కోటలో దాచారు. ముట్టడి పడింది. కోట లొంగకముందే దాన్ని దొంగచాటుగా బయటికి దాటించారు. కిన్నెఫ్ పల్లె పాస్టరు జేమ్స్ గ్రేంజర్, ఆయన భార్య క్రిస్టియన్ ఫ్లెచర్ కలిసి తమ చర్చి నేల కింద పాతిపెట్టారు. 1660లో రాచరికం తిరిగొచ్చేదాకా అది శత్రువుల చేతికి చిక్కలేదు. ఆ దంపతుల గుండెధైర్యానికి దండం పెట్టాలనిపించింది.

1707లో స్కాట్లాండ్ పార్లమెంటు ఇంగ్లండ్ పార్లమెంటుతో కలిసిపోయింది. ఇక కిరీటంతో పనేముంది? పెట్టెలో పెట్టి, గదికి తాళం వేశారు. 111 ఏళ్లు! అసలుందో, లండన్ తరలించారో కూడా జనానికి తెలియకుండా పోయింది. 1818లో అనుమతి సంపాదించి ఆ పెట్టె తెరిపించిన వాల్టర్ స్కాట్ కవి, నవలాకారుడు. రాజ్యం పోయిన జాతికి తన కథను తిరిగి చెప్పినవాడూ ఆయనే.

మనకూ అంత కథ ఉంది. రామదాసును విడిచిపెట్టిన ప్రభువుగానే గోల్కొండ చివరి సుల్తాను తానీషా మన సినిమాల్లో మిగిలాడు. ఆయన మంత్రులు అక్కన్న, మాదన్నలను 1686లో కుట్రదారులు నరికి చంపారు. మరుసటి ఏడు ఔరంగజేబు సేన గోల్కొండను 8 నెలలు చుట్టుముట్టింది. చివరికి లోపలివాడే తలుపు తీశాడు. తానీషా సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒంటినిండా గాయాలతో కూలిపోయేదాకా పోరాడాడు. తానీషా దౌలతాబాద్ చెరలోనే కన్నుమూశాడు.

ప్లైవుడ్‌తో, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో కోటలు లేపగల మా ఫిల్మ్‌నగర్ రచయితలకూ, దర్శకులకూ ఒక్క విన్నపం: అసలు కోట మీకు కొద్ది కిలోమీటర్లలోనే ఉంది, ఆ 8 నెలల కథ రాయండి.